తొంభై శాతం నిండిన గుంత

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న విషయం కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఆ చలికాలం ఒక పొద్దున ఆఫీసులో, నా ఎదుటి గోడకి గుచ్చిన కార్టూన్ చూడగానే నాకు మొదట వచ్చింది కోపమే. నవ్వు తరువాత వచ్చింది. సిగ్గు రావడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది.

మాంద్యం వచ్చి పడిన మరుసటి ఏడాది అది. మంచు బాగా కురిసే ఒక రాష్ట్రం రాజధానిలో, ఒక ప్రభుత్వ శాఖలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. చేపలు పట్టుకోవడానికి, జింకల వేటకి, పడవలకి లైసెన్సులిచ్చే శాఖ. ఆ లైసెన్సుల కోసం కొత్త కంప్యూటర్ సిస్టమ్ తయారుచేసే పని ఒక కన్సల్టింగ్ కంపెనీకి ఇచ్చారు. అందులో నేనొకణ్ణి. ఏడాదిన్నరలో అయిపోవాల్సిన పనికి మూడో ఏడు నడుస్తోంది. నా వీసా ఆ ఉద్యోగాన్ని పట్టుకుని ఉంది. మా ఇల్లు, రెండో తరగతి చదివే మా అమ్మాయి బడి ఆ వీసాని పట్టుకుని ఉన్నాయి.

అక్కడి పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి శుక్రవారం సాయంత్రంలోగా స్టేటస్ రిపోర్టు పంపాలి. అందులో చేయాల్సిన పనుల జాబితా, ఒక్కో పని పక్కన ఒక్కో గడి. పని సవ్యంగా సాగుతుంటే గడికి ఆకుపచ్చ, అనుమానంగా ఉంటే పసుపు, ఆగిపోతే ఎరుపు వేయాలి. అడుగున మొత్తం ఎంత శాతం అయిందో రాయాలి. ఆ రిపోర్టు తయారుచేసేది నేనే. పసుపు పెడితే ఫోన్ వస్తుంది. ఎరుపు పెడితే మీటింగ్ పెడతారు, మీటింగ్ పెడితే ప్రశ్నలు అడుగుతారు. అందుకని ఎవరూ పైకి అనకపోయినా మా టీమ్‌లో అందరం పాటించే నియమం ఒకటుండేది. ఆకుపచ్చ పెట్టేయడం, మిగతాది వచ్చే వారం చూసుకోవడం. పాత లైసెన్సులని కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించే పని ముందుకు కదలడం లేదని నాకు తెలుసు. ఎక్కించిన ప్రతిసారీ చేపలవాళ్ళలో సగం మంది జింకల జాబితాలో తేలేవారు. అయినా ఆ గడి ఆకుపచ్చే. అడుగున తొంభై శాతం. ఎనిమిది నెలలుగా తొంభై శాతమే.

నా ఎదుటి సీటులో ఒక పెద్దావిడ ఉండేది. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్న గుమాస్తా. రాష్ట్ర ఖజానా ఖాళీ అయిందని ఆ ఏడు ప్రభుత్వోద్యోగులకి రెండు వారాలకో రోజు జీతం లేని సెలవు ఇచ్చారు. ఆవిడకది శుక్రవారం పడింది. అంటే రెండు వారాలకోసారి నేను ఆవిడ ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని ఆకుపచ్చ రంగు వేసేవాణ్ణి. అప్పట్లో అది నాకు తట్టలేదు.

ఆవిడ భర్తకి చలికాలమంతా చెరువు మీదే కాపురం. గడ్డకట్టిన చెరువు మీద గుంతలు తవ్వి, గాలం వేసి, ఒక్కో గుంత పక్కన పడుకోబెట్టిన చిన్న ఎర్ర జెండా ఒకటి బిగిస్తాడట. చేప గాలాన్ని లాగితే జెండా తనంతట తాను లేచి నిలబడుతుంది. దూరంగా కూర్చుని కాఫీ తాగుతూ జెండాలకేసి చూడటమే పని.

"మరి లేవకపోతే?" అని ఒకసారి అడిగాను.

"ఇంకా కాఫీ తాగుతాడు" అంది.

ఊరి పేపర్లోంచి కత్తిరించి ఆ కార్టూన్ గుచ్చింది ఆవిడే. గడ్డకట్టిన చెరువు మీద బావి అంత గుంత. టైలు కట్టుకున్న నలుగురు పెద్దమనుషులు సంచులకొద్దీ డబ్బు అందులోకి కుమ్మరిస్తున్నారు. ఐదోవాడు పొడుగు కర్రతో లోతు కొలిచి, "తొంభై శాతం నిండింది" అంటున్నాడు. ఒక మూల పార్కు కాపలాదారు, చిరిగిన చేతిజోళ్ళతో, వాళ్ళు జారిపడకుండా మంచు ఊడుస్తున్నాడు. అతని వీపు మీద "ఈ రోజు జీతం లేదు" అని ఒక చీటీ.

"నీకు బాధగా ఉంటే తీసేస్తాను" అందావిడ.

"నాకెందుకు బాధ?" అన్నాను, గొంతు పెంచి. ఆవిడ తీసేయలేదు.

ఆ తొంభై నాది. నా వేళ్ళతో కొట్టిన అంకె. వీడెవడు నా అంకె ఎత్తుకెళ్ళడానికి అని మధ్యాహ్నందాకా రగిలిపోయాను. భోజనాల వేళకి, ఆ కర్ర పట్టుకున్నవాడి మొహంలోని గాంభీర్యం గుర్తొచ్చి, పెరుగన్నం తింటూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

అప్పటినుంచి ఆ బొమ్మ గీసినాయన కార్టూన్లకి నేను బానిసనైపోయాను. చిన్నప్పుడు మా ఊళ్ళో పేపరు రాగానే మొదటి పేజీ మూలనున్న బొమ్మ చూసి, నవ్వి, తరువాత వార్తలకి పోయేవాణ్ణి. ఆ అలవాటు పాతికేళ్ళ తరువాత తిరిగొచ్చింది. శాసనసభ హాలులో కొత్త తివాచీ వేయించుకున్నారు, అదే నెలలో బడి బస్సులు తగ్గించారు. ఆయన ఏం గీశాడంటే, ఆ తివాచీ శాసనసభ మెట్లు దిగి, ఊరు దాటి, పొలాల మీదుగా సాగిపోతుంటే, పిల్లలు దాని మీద వరసగా బడికి నడిచి వెళ్తున్నారు. ఒక్క తిట్టు లేదు, ఒక్క మాట కూడా లేదు. నేనైతే అరపేజీ తిట్లు రాసి ఉండేవాణ్ణి, ఎవరూ చదివి ఉండరు.

చూడగా చూడగా ఆయన పద్ధతి ఒకటి పట్టుకున్నాను. బూట్లు. డబ్బు తగలేసేవాళ్ళ బూట్లు తళతళా మెరుస్తుంటాయి, కానీ లేసులు ఊడి వేలాడుతుంటాయి. ఇహనో ఇప్పుడో తట్టుకుని పడతారన్నట్టుంటారు. టీచర్లు, గుమాస్తాలు, బస్సు డ్రైవర్ల బూట్లు పాతవే, కానీ లేసులు బిగించి, ముడి సరిగ్గా వేసి ఉంటాయి. పైవాళ్ళని ఆయన ఎంత వెక్కిరించినా, కిందివాళ్ళని ఒక్కసారి కూడా వెక్కిరించలేదు. ఇది కనిపెట్టిన రోజు లేచి వెళ్ళి ఎదుటి గోడ మీద కర్రవాడి కాళ్ళు చూశాను. మెరుస్తున్నాయి. లేసులు వేలాడుతున్నాయి.

ఫిబ్రవరిలో మా ప్రాజెక్టు మీద శాసనసభ కమిటీ విచారణ పెట్టింది. మా మేనేజర్ వరంగల్ మనిషి, అందరం అన్నా అనేవాళ్ళం. లాప్‌టాప్ మోయడానికి నన్ను తీసుకెళ్ళాడు. ఆ విచారణలు ఎవరైనా వెళ్ళి వినొచ్చు. చివరి వరసలో ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, లేసులు ఊడిన బూట్లు గీస్తున్నాడు. ఆ కార్టూన్లాయనే. అన్న ముందు కూర్చుని, ఒక్కో ప్రశ్నకీ "తొంభై శాతం" అని జవాబిచ్చాడు. నేను వెనక కూర్చుని నేల చూశాను.

విరామంలో కాఫీ దగ్గర ఆ ముసలాయన పక్కకి వెళ్ళి నిలబడ్డాను. "ఆ కర్ర పట్టుకున్నవాణ్ణి నేనే" అన్నాను.

ఆయన నవ్వలేదు. "రిపోర్టులు రాసేది నువ్వా? ప్రతి వారం చదువుతాను."

ప్రభుత్వం పని కాబట్టి ఆ రిపోర్టులు ఎవరడిగినా ఇచ్చి తీరాలి. కానీ అడిగేవాళ్ళుంటారని నేను కలలో కూడా అనుకోలేదు. మా అన్న చదవడు. శాఖవాళ్ళు మొదటి పేజీ దాటరు. రెండేళ్ళుగా నేను రాసిందాన్ని చివరిదాకా చదివిన మనిషి ఈయనొక్కడే.

"అర్థమవుతుందా?" అన్నాను.

"మాటలు అర్థం కావు. రంగులు అర్థమవుతాయి. మా పేపర్లో నాకు నలుపొక్కటే ఇస్తారు. రంగు అచ్చేయడానికి డబ్బుల్లేవంటారు. నీకు మూడు రంగులిచ్చారు. ఒకటే వాడుతున్నావు."

ఇంతలో లోపలికి పిలిచారు. ఆయన కాఫీ కప్పు కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టి వెళ్ళాడు. కోపం రాలేదు. నాకు కోపం రాకపోవడమే నన్ను భయపెట్టింది.

గురువారం ఇంట్లో చెప్పాను. ఉన్నది ఉన్నట్టు ఎరుపు పెడితే ప్రాజెక్టు ఆగొచ్చు, ఉద్యోగం పోవచ్చు, పోతే ఆ వీసా మీద ఇక్కడ ఎన్నాళ్ళో ఉండనివ్వరు. మా ఆవిడ చపాతీలు చేస్తోంది.

"పెట్టకపోతే?" అంది.

"ఇలాగే నడుస్తుంది."

"ఇలాగే అంటే శుక్రవారం శుక్రవారం ఇంటికొచ్చి మా మీద అరుస్తారు, అంతేగా. పోయిన వారం పప్పులో ఉప్పు లేదని అరిచారు. ఉప్పుందండీ అందులో. పిల్ల కూడా కనిపెట్టేసింది, ఫ్రైడే ఈజ్ డాడీ యాంగ్రీ డే అంటోంది." చపాతీ తిరగేసింది. "ఇంకో ఊరెళ్దాం. ఇంకో బడి ఉండదా ఏంటి?"

మాట ధైర్యంగానే అంది. కానీ ఆ పూట చపాతీలు మూడు మాడిపోయాయి.

మర్నాడు శుక్రవారం. ఎదుటి కుర్చీ ఖాళీ. లైసెన్సులు ఎక్కించే పని పక్కన గడికి ఎరుపు వేశాను. అడుగున తొంభై కొట్టేసి నలభై రాశాను. నిజానికి అదీ ఎక్కువే. ఎప్పుడూ అన్నకి చూపించి పంపేవాణ్ణి. ఆ రోజు చూపించకుండా పంపేశాను.

సోమవారం అన్న నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. "ఏంది తమ్మీ ఇది? నాకొక్క మాట చెప్పొద్దా? గ్రీన్ చేసి మళ్ళ పంపు. నెక్స్ట్ వీక్ కవర్ చేద్దాం. ఎట్లాగు ఎవ్వరు చదవరు దాన్ని."

"ఒకాయన చదువుతాడన్నా" అన్నాను.

మార్చలేదు. అన్న మంచివాడే. అతని వీసా కూడా అలాంటిదే. అతను నా మీద అరిచిన అరుపుల్లో నా శుక్రవారం అరుపులు నాకు వినిపించాయి. ఆ వారమంతా మాలో ఎవరూ సరిగ్గా తినలేదు.

వారం తిరిగేసరికి, ఒక పొద్దున నేను వచ్చేప్పటికి పెద్దావిడ కోటు కూడా విప్పకుండా గోడ దగ్గర నిలబడి ఉంది. పాత కార్టూన్ పక్కన కొత్తది గుచ్చుతోంది. అదే చెరువు, అదే గుంత. టైలవాళ్ళు ఇంకా సంచులు కుమ్మరిస్తూనే ఉన్నారు, ఒక్కడూ కిందకి చూడటం లేదు. గుంత పక్కన చిన్న జెండా లేచి నిలబడింది. పేపరువాళ్ళు ఆయనకి ఆ రోజు ఒక్క రంగు ఇచ్చారు. నలుపు తెలుపు బొమ్మలో జెండా ఒక్కటే ఎర్రగా ఉంది.

"చేప పడింది" అందావిడ. నేను ఎరుపు పెట్టిన సంగతి ఆవిడకి తెలియదు. చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

వసంతంలో ప్రాజెక్టు ఆపేశారు. ఆపింది నేను కాదు, కమిటీ. నా ఎర్ర గడి వాళ్ళకి పనికొచ్చిన కాగితాల్లో ఒకటి, అంతే. అన్నకి వేరే చోట పని దొరికింది. నాకు ఉద్యోగం పోయింది. ఆఖరి నిమిషంలో ఇంకో రాష్ట్రంలోని ప్లెయిన్స్‌బరోలో ఒక ప్రాజెక్టు దొరికితే, పిల్లని బడి మధ్యలో మానిపించి, సామాను వ్యానుకెత్తాం. పెద్దావిడ జీతం లేని శుక్రవారాలు మాత్రం వెంటనే పోలేదు. కార్టూన్ వల్ల అన్నీ బాగుపడిపోయాయని నేను అబద్ధం చెప్పను. అలాంటి రిపోర్టులు రాయడం మానేశాను.

ఆఖరి రోజు ఆవిడ ఆ ఎర్ర జెండా కార్టూన్ గోడ నుంచి తీసి నా చేతిలో పెట్టింది. ఎన్నోసార్లు చూసిన బొమ్మే. జెండా చూస్తూ ఉండిపోయి, దాని దగ్గరున్న మనిషిని అంతవరకూ నేను సరిగ్గా చూడలేదు. కర్రవాడే. కర్ర పక్కన పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఆ జెండాని పడిపోకుండా పట్టుకున్నాడు. మొహం కనబడదు, వీపే కనబడుతుంది. మడిచిన కాళ్ళు పక్కనుంచి కనబడుతున్నాయి. బూట్లు మెరవడం లేదు. ఆఫీసు మెట్ల మీద నిలబడి, అప్పటికీ తగ్గని చలిగాలిలో, కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాను. లేసులు గట్టిగా ముడివేసి ఉన్నాయి.