పెద్దమ్మ కలికుండ

మా పెద్దమ్మ పోయింది. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున మార్కాపురంలో నా షెడ్డులో ఒక ట్రాక్టరు క్లచ్ విప్పి, చేతుల నిండా గ్రీజుతో కూర్చుని ఉంటే వదిన ఫోన్ వచ్చింది. వదిన అంటే పెద్దమ్మ కోడలు. మోచేత్తో నొక్కి స్పీకర్లో పెట్టాను. "మరిదీ, అత్త పోయింది. కాఫీ ఇద్దామని లేపితే లెయ్యలేదు" అని ఏడ్చేసింది. సిగ్గుపడుతూనే నిజం చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. 'అయ్యో, కుండ నిండా కలి ఉంది కదా, ఇప్పుడు దాని సంగతేంటి' అన్నదే ముందు తట్టింది. ఎనభై ఏళ్ల మనిషి, కన్నతల్లి తర్వాత తల్లి అంతటిది పోతే, కుండ గురించి ఆలోచించే వెధవ ఎవడైనా ఉంటాడా? నేనున్నాను. ఎందుకో చెబుతాను, వినండి.

కలి అంటే తెలియని వాళ్లుంటారు. కోస్తా వైపు తరవాణి అంటారు. వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్లు మట్టికుండలో పోసి మూకుడు మూసి వదిలేస్తే మూడు నాలుగు రోజులకు పులుస్తుంది. రోజూ కొంత తీసుకుంటూ, రోజూ కొంత పోస్తూ ఉంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఉప్పు, నలిపిన ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ వేసుకుని తాగితే మా వైపు ఎండ కూడా కాసేపు మర్యాదగా ఉంటుంది. ఇప్పుడు గిద్దలూరు నుంచి దర్శి దాకా ఏ దుకాణంలో చూసినా ఫ్రిజ్జు నిండా రంగునీళ్ల సీసాలే. కలికుండ ఉన్న ఇల్లు ఊరికి ఒకటి ఉంటే గొప్ప. పెద్దమ్మ కుండ ఆమెకు అత్తగారి చేతి నుంచి వచ్చింది.

మా అమ్మకు పలకల కార్ఖానాలో పని. బడికి సెలవులివ్వడం ఆలస్యం, నన్ను బస్సెక్కించి బేస్తవారిపేట దగ్గరి పల్లెలో ఉన్న తన అక్క ఇంటికి పంపేసేది. ఆ రెండు నెలలూ నేను కలి తాగి బతికినవాణ్ణే. పెద్దమ్మకు ఒక అలవాటు ఉండేది. ఇంటి ముందు నుంచి ఎవరు పోతున్నా సరే, గొర్రెలు తోలుకుపోయేవాళ్లు గానీ, కరెంటు మీటరు చూసే ఆయన గానీ, "ఎండన పడి యాడికి పోతాండావు, ఒక చెంబు తాగిపో" అని నిలేసేది. వద్దంటే ఒప్పుకునేది కాదు. "నిన్నెవరడిగినారు? నీ కడుపును అడుగుతాండా" అనేది. నెలకొకసారి రావలసిన మీటరాయన ఎండాకాలంలో రెండుసార్లు వస్తాడని వదిన ఇప్పటికీ నవ్వుతుంది.

మూడేళ్ల కింద పెద్దమ్మ వాకిట్లో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది గానీ, అప్పటినుంచి మంచమే లోకం. వదిన మాత్రం ఎంతని చేస్తుంది? ఉపాధి పనికి పోవాలి, బర్రెను చూసుకోవాలి, ఇంట్లో వండాలి. మా అన్నది, అంటే పెద్దమ్మ కొడుకుది, గొర్రెల వెనక తిరిగే బతుకు, పొద్దుగూకితే గానీ ఇంటికి రాడు. వచ్చినా మాట్లాడడు. కలి ఆగిపోయింది, కుండ అటకెక్కింది.

ఈ ఎండాకాలం మొదట్లో పెద్దమ్మ తానే ఫోన్ చేయించింది. "ఏరా, పాడుబడిన ఇంజన్లు బాగు చేస్తావంట గదా. వచ్చి నా కుండ బాగు చేసి పో" అంది. "కుండకేమైంది పెద్దమ్మా, పగిలిందా?" అంటే, "పగల్లేదు. పండుకోనుంది. లేపాల" అంది. గొంతు తగ్గించి, "నోటికి ఏదీ పోవడం లేదురా నాయనా. ఒక్క చెంబు కలి తాగితే చాలనిపిస్తాంది" అంది. ఆమె నన్ను జన్మలో ఏదైనా అడిగిందంటే అదొక్కటే. మరునాడు ఆదివారం, బండేసుకుని పోయాను.

అటక మీద కుండ ఉన్న తీరు చూస్తే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. లోపల ఎలుక గూడు. మూకుడు కింద బల్లి గుడ్లు. మెడ చుట్టూ తెల్లగా పేరుకున్న పొర, అడుగున నల్లటి చార. చెక్క తెడ్డు ఎండి పగుళ్లిచ్చింది. దించి వాకిట్లో పెట్టేసరికి పెద్దమ్మ మధ్యాహ్నం నిద్రలో ఉంది, వదిన చెరువు పనికి పోయింది. అక్కడ నా బుద్ధి గడ్డి తిన్నది. ముప్పై ఏళ్లుగా మసి, ఆయిలు, బురద వదిలించిన చేతులివి, ఒక కుండ ఎంత, ఆమె లేచేసరికి తళతళలాడించి చూపిద్దాం అనుకున్నాను. బండి పెట్టెలో వాషింగ్ సోడా, సబ్బు పొడి, ఇనుప బ్రష్షు ఎప్పుడూ ఉంటాయి. వేడినీళ్లు కాచి, సోడా కలిపి, గంటసేపు నానబెట్టి, సబ్బుతో బర్రుబర్రున తోమాను. ఏం వచ్చిందనుకున్నారు! కొత్త కుండలా ఎర్రగా తేలింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

పెద్దమ్మ కళ్లు తెరవకుండానే ముక్కు ఎగబీల్చింది. "ఏందిరా ఈ వాసన?" అంది. చూపించాను. దగ్గరికి తెమ్మని, మూతిలోకి ముఖం పెట్టి చూసి, ఒక్క పెట్టున లేచి కూర్చుంది. తుంటి విరిగిన తర్వాత ఆమె అంత వేగంగా లేవడం అదే మొదలు. "నీ జిమ్మడ! ట్రాక్టర్లకు పూసేది తెచ్చి నా కుండకు పూసినావా? ఇత్తడనుకున్నావా, ఇనుమనుకున్నావా? మట్టిరా ఇది. మట్టికి నోరుంటాది. ఏది పోస్తే అది తాగుతాది, తాగింది మరవదు. ఇంక ఇందులో ఏది పోసినా సబ్బే!" అని అరిచింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. యాభై రెండేళ్ల వాణ్ణి, పదేళ్ల పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

కాసేపటికి ఆమే చల్లబడింది. "కుండను కడగడం కాదురా, బతిమాలాల. బూడిద, కొబ్బరిపీచు, కాగిన నీళ్లు, ఎండ. అంతకు మించి దానికేం అక్కరలేదు. సరే, చెడగొట్టినోడే బాగు చెయ్యాల. పొద్దుగూకినాక బియ్యం కడిగిన నీళ్లు నిండా పోసి పెట్టమంటా కోడల్ని. తెల్లారి నువ్వు వచ్చి బర్రె తొట్లో పొయ్యి. బర్రె తాగిన దినం మనం తాగొచ్చు" అంది. "రోజూ నేనే రావాలా పెద్దమ్మా? గంట దారి!" అన్నాను. "సబ్బు రుద్దేటప్పుడు గుర్తు రాలేదా గంట దారి?" అంది. మరునాటి నుంచి నా ప్రయాణం మొదలైంది.

మొదటి రోజు బర్రె మూతి ముంచి, తల విదిలించి, నా చొక్కా నిండా చీదింది. రెండో రోజు వాసన చూసి ముఖం తిప్పుకుంది. మూడో రోజు నన్ను చూడగానే అరిచింది. పెద్దమ్మ మంచం మీద నుంచి చూస్తూ, "దానికున్న తెలివి నీకు లేకపాయె" అని బోసినోటితో నవ్వేది. రోజూ కుండను బూడిదతో తోమి, బోర్లించి ఎండకు పెట్టి, ఆ ఎండ కుండలోకి పోయేదాకా మంచం పక్కన కూర్చునేవాణ్ణి. షెడ్డు దగ్గర రైతులు తిట్టుకున్నారు గానీ, ఆ వారం నాకు దొరికినన్ని మాటలు ముప్పై ఏళ్లలో దొరకలేదు.

ఐదో రోజు అనుకుంటాను, అమ్మ మాట వచ్చింది. నేను ఎప్పటినుంచో కడుపులో పెట్టుకున్న మాట అనేశాను. "సెలవులొస్తే చాలు, అమ్మ నన్ను వదిలించుకునేది గదా పెద్దమ్మా" అన్నాను. ఆమె నా వైపు ఎంత ఆశ్చర్యంగా చూసిందో! "ఎవరు చెప్పినారు నీకు? అడిగింది నేను. కార్ఖానా దుమ్ములో పిల్లోడు దగ్గుతాండాడు, రెండు నెలలన్నా నా దగ్గర ఉంచమని మీ అమ్మ కాళ్లు పట్టుకున్నంత పని చేసినా. అది నిన్ను బస్సెక్కించి కార్ఖానాకు పోయి ఏడ్చేదంట" అంది. నలభై ఏళ్లు అమ్మ మీద ఉన్న అలక అక్కడ తీరిపోయింది. ఆ మాట పెద్దమ్మ చెప్పకుండా పోయి ఉంటే నేను దాంతోనే చచ్చేవాణ్ణి. ఆమెకు నేను రుణపడ్డవాటిలో అది అన్నిటికన్నా పెద్దది.

ఎనిమిదో రోజు బర్రె తాగింది. వాసన చూసి, ఒక గుక్క తాగి, ఆగి, మళ్లీ మూతి పెట్టి తొట్టి అడుగు నాకేదాకా తలెత్తలేదు. నేను గెంతులు వేయడం ఒక్కటే తక్కువ. పెద్దమ్మ వెంటనే వేపాకు పొగ పట్టించమంది, మెడకు పసుపు రాయమంది, కొర్రల గంజి కాచి పోయించింది. అక్కణ్ణించి నాలుగో రోజుకు కుండ మూత తీస్తే ముక్కుకు ఆ పాత వాసన కొట్టింది. చెంబుతో ఇస్తే పెద్దమ్మ కళ్లు మూసుకుని సగం తాగి, "సబ్బు లేదు. ఇంకా పసిదిలే, నెల పోతే దారికొస్తాది" అంది. మిగిలిన సగం కూడా ఆమే తాగింది. మళ్లీ వాకిలి ముందు మనుషులు ఆగడం మొదలైంది. మంచం మీద నుంచే పిలిచేది. అట్లా మూడు వారాలు గడిచాయి, తర్వాత ఆ మంగళవారం వచ్చింది.

ఇప్పుడు అర్థమైంది కదా, నాకు కుండ ఎందుకు గుర్తొచ్చిందో. చావింట్లో మట్టిపాత్ర ఉండకూడదు. ఇత్తడి, స్టీలు కడిగి వాడుకుంటారు, మట్టివి మాత్రం మూడో నాడు, చిన్నదినం రోజున, ఊరి పొలిమేరలో పగలగొట్టి వస్తారు. మా వైపు ఆచారమది. మూడో రోజు పెద్దనాయన తమ్ముడు, మేమంతా చిన్నాయన అని పిలిచే పెద్దమనిషి, కుండ బయటికి తీయమన్నాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. "ఎనిమిది రోజులు బతిమాలి లేపిన కుండ చిన్నాయనా. శుభ్రంగా కడిగి, పొగ పెట్టి ఉంచుదాం. మార్కాపురం నేను తీసుకుపోతా" అన్నాను. గొంతు కూడా పెంచాను, అబద్ధం ఎందుకు. చిన్నాయన నా మీద అరవలేదు. "కడిగితే పోయేదైతే నేనెందుకు తియ్యమంటానురా? మట్టి తాగింది మరవదని మీ పెద్దమ్మ చెప్పలేదా నీకు? చావును కూడా తాగుంటాది అది" అన్నాడు. ఆమె మాటే ఎదురొచ్చేసరికి నేను అడ్డు తొలిగాను. వదిన కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

అన్న కుండను భుజాన పెట్టుకున్నాడు. పాలోళ్లు, అంటే ఒకే ఇంటిపేరు వాళ్లు, ఒక ఆరేడుగురు వెంట నడిచారు. వాళ్లందరికీ మైల ఉంది. నేను చెల్లెలి కొడుకును, ఇంటిపేరు వేరు, గోత్రం వేరు. నాకు మైల లేదు. తలకు స్నానం చేస్తే నా సంతాపం అయిపోయినట్టే లెక్క. నడుస్తున్నంతసేపూ నన్ను తొలిచింది అదే. ఈ కుండ పగిలితే నేను ఆమెకు ఏమవుతానని చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

పొలిమేర దగ్గర అన్న కుండను ఎత్తి పట్టుకున్నాడు. చిన్నాయన "ఆగు, దించు" అన్నాడు. తలగుడ్డ తీసి చంకన పెట్టుకుని, ముందుకు వంగి దోసిలి పట్టాడు. "పొయ్యిరా. మనకు లేని మైల దీంట్లో యాడుంది? పోయిన మా వదిన చేతి కలి యాభై ఏళ్లు తాగినోణ్ణి, నేల పాలు చేసేదేంది?" అన్నాడు. అన్న కుండ వంచాడు. ముసలాయన గుటకలు వేస్తూ తాగాడు, మీసం నిండా కొర్ర మెతుకులు. ఆయన తర్వాత ఒక్కొక్కరే వచ్చి వంగారు. అందరూ అయ్యాక నేనూ వెళ్లి దోసిలి పట్టాను.

అన్న ఆగి చిన్నాయన వైపు చూశాడు. "నీకు మైల లేదు గదరా" అన్నాడు చిన్నాయన, మెత్తగానే. "చావింటి కుండ. తాగితే నిన్నూ పట్టుకుంటాది."

"పట్టుకోనీ చిన్నాయనా. నాకూ కావాల" అన్నాను. ఆ మాట అంటూనే, మూడు రోజులుగా రాని ఏడుపు వచ్చేసింది. చిన్నాయన పొయ్యమన్నట్టు అన్నకు తల ఊపాడు. అన్న నా దోసిట్లోకి పోశాడు, పోస్తూనే ఉన్నాడు, మోచేతుల మీదుగా చొక్కాలోకి కారింది. "కడుపు నిండా తాగు" అన్నాడు. ఆ మూడు రోజుల్లో మా అన్న నోటి నుంచి నేను విన్న మాట అదొక్కటే. కుండలో చుక్క మిగలకుండా తాగాక దాన్ని రాయి మీద వేశాడు.

సాయంత్రం మార్కాపురం చేరి షెడ్డు షట్టరు దించుతుంటే ఒక రైతు వచ్చి ఎవరు పోయినారని అడిగాడు. చెప్పాను. "పెద్దమ్మకు నీకు మైలేందన్నా? తలకు పోసుకుంటే సరిపాయె గదా" అన్నాడు. "నాకుంది" అన్నాను. అతని ముందే సుద్దముక్క తీసుకుని షట్టరు మీద పెద్ద అక్షరాలతో 'మైల' అని రాసి తాళం వేశాను. మైల తీరే పదకొండో రోజు దాకా తీయలేదు. ఇప్పుడు రోజూ తెరుస్తూనే ఉన్నాను, పని చేస్తూనే ఉన్నాను. సాయంత్రం షట్టరు కిందికి లాగినప్పుడు ఆ అక్షరాలు మళ్లీ కనిపిస్తాయి. మూడు వానలు పడ్డాయి, సగం చెరిగింది, నేను మాత్రం తుడవలేదు.