చిన్నాయిన సిపాయి బిస్కెట్లు

నా చిన్నప్పుడు గట్క పేరెత్తితే నాకు ఒళ్లుమంట. జొన్నరవ్వ గట్టిగా ఉడికించి, మధ్యలో గుంట చేసి, అందులో పచ్చిపులుసు పోసి పెట్టేది మా అవ్వ. తెలంగాణ వచ్చాక అదే గట్కకు ఎక్కడలేని గౌరవం వచ్చింది. పట్నం హోటళ్లలో మట్టిగిన్నెలో పెట్టి, బలమైన తిండి అని చెప్పి అమ్ముతున్నారట. వింటే నవ్వొస్తుంది. నేను మాత్రం అప్పట్లో మూతి ముడుచుకొని నాలుగు ముద్దలు తిని, మిగిలింది ముసలికుక్కకు వేసి చేతులు దులుపుకునేదాన్ని.

మాది కేతేపల్లి పక్కన గొర్లు కాసుకునే ఇల్లు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మేత దొరకక మా బాపూ అమ్మా మందను తోలుకొని కొల్లాపూర్ వైపు, కృష్ణ ఒడ్డుకు వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలింది నేను, అవ్వ, మందతో నడవలేని ఆ కుక్క. వాళ్లు తిరిగొచ్చేదాకా గుమ్మిలో ఉన్న జొన్నలతోనే వెళ్లదీయాలి. అవ్వ రోజూ కొలిచి తీసి, మళ్లీ మూత వేసి, మూత మీద రాయి పెట్టేది. ఏడేళ్ల పిల్లను, ఆ కొలత ఎందుకో ఆ రాయి ఎందుకో నాకేం పట్టింది?

ఆ కరువు ఎండల్లోనే మా చిన్నాయిన సెలవు మీద వచ్చాడు. ఆయన బాపుకు తమ్ముడు, మిలిటరీలో సిపాయి. నార్కట్‌పల్లి దాకా బస్సులో వచ్చి, అక్కడ ఏదో లారీ పట్టుకొని ఊళ్లో దిగాడు. రాగానే తన ఆకుపచ్చ సంచి విప్పి నా ముందు కుమ్మరించాడు. రైలు ప్రయాణానికి పటాలంలో కట్టి ఇచ్చిన తిండిని దారిలో సగమే తిని, సగం నా కోసం దాచుకొచ్చాడు పాపం. మైనం కాగితంలో చుట్టిన మందపాటి బిస్కెట్లు, చక్కెర పట్టించిన శక్కర్‌పారాలు, ఒక పాలడబ్బా. అంత తిండి ఒక్కచోట చూడటం నాకు అదే మొదలు.

సిపాయిలు రోజూ ఇవే తింటారు కాబోలు, ఎంత అదృష్టమో అనుకున్నాను. ఆ పూట అవ్వ రెండు గిన్నెల్లో గట్క పెట్టి ఒకటి నాకు, ఒకటి చిన్నాయినకు ఇచ్చింది. నేను నా గిన్నెను తోసేశాను. నాకు మిలిటరీ తిండే కావాలని కాళ్లు నేలకేసి కొట్టాను. నీకేదమ్మా అని చిన్నాయిన అవ్వను అడిగితే, తాను ముందే తిన్నానని చెప్పింది. ఆయన అవ్వ చేతికున్న వెండి కడియం వైపు కాసేపు చూశాడు. ఎప్పుడూ మణికట్టు మీద బిగువుగా ఉండే కడియం, ఆమె చెయ్యి ఎత్తగానే మోచేతి దాకా జారిపోతోంది. అది చూసింది ఆయనే. పక్కనే ఉన్న నాకు కనబడలేదు.

తర్వాత నన్ను దగ్గరికి తీసుకున్నాడు. “మూడొద్దులు నువ్వే సిపాయివి బిడ్డా. నా తిండి నువ్వు తిను, నీ గట్క మాకిడువు. గని మధ్యల మాట తప్పద్దు” అన్నాడు.

నేను ఎగిరి గంతేశాను. మొదటి రోజు రాజభోగమే. శక్కర్‌పారాలన్నీ ఆ రోజే ఊదేశాను, వాడకట్టు పిల్లలందరికీ చూపించి మరీ తిన్నాను. రెండో రోజు బిస్కెట్ల వంతు వచ్చింది. అవి బిస్కెట్లా? బండపలకలు! ఊగుతున్న నా ముందుపన్ను ఒక బిస్కెట్‌లోనే ఉండిపోయింది. ఏడుస్తూ దాన్ని కుక్కకు వేస్తే, అది వాసన చూసి, నోట కరుచుకుపోయి ఖాళీ గొర్లదొడ్డిలో పాతిపెట్టి వచ్చింది. దానికున్న తెలివి నాకు లేకపోయింది.

చిన్నాయిన నా నోరు కడిగి, బిస్కెట్‌ను చాయలో నానబెట్టి తినడం నేర్పించాడు. మంచు పడితే వాళ్లు కాపలా కాసే కొండ మీదికి సరుకు మోసే కంచరగాడిదలు కూడా ఎక్కలేవట. కింద లంగర్‌లో, అంటే వాళ్ల వంటశాలలో, చేసిన రొట్టెలు పైకి రావట. అప్పుడు రోజుల తరబడి ఈ బిస్కెట్లే గతి. వాటిని నములుతూ కళ్లు మూసుకొని అవ్వ చేతి గట్కను తలుచుకునేవాడట. ఇదంతా నన్ను ఊరడించడానికి చెబుతున్నాడనే అనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం వంటింట్లోంచి పచ్చిపులుసు వాసన వచ్చింది. ఇక నా వల్ల కాలేదు. మాట తప్పినా సరే, రెండు ముద్దలు అడుక్కుందామని గుమ్మం దాకా వెళ్లాను. లోపల చిన్నాయిన తన గిన్నెతో కూర్చున్నాడు. ఆయనకు ఎదురుగా అవ్వ తింటోంది. అంచు నొక్కుకుపోయిన నా గిన్నెలో తింటోంది. తల వంచుకొని, గబగబా, గిన్నె అడుగును వేలితో తుడుచుకుంటూ తింటోంది. బాపూవాళ్లు వెళ్లినప్పటి నుంచి అవ్వ అట్లా కూర్చొని తినడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఎప్పుడడిగినా ‘నేను తిన్న’ అనేది, నేను నమ్మేదాన్ని.

నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది కోపమే. నా గిన్నె అని అరవబోయాను. ఇంతలో అవ్వ నన్ను చూసింది. చూసి, చటుక్కున ఆ గిన్నెను కొంగు కింద దాచుకుంది. దొంగతనం చేస్తూ దొరికిపోయిన మనిషిలా నా కళ్లలోకి చూడలేకపోయింది. తన ఇంట్లో, తను వండిన గట్కను, మనవరాలికి భయపడి దాచుకుంది మా అవ్వ. అరవైయేళ్లయింది. ఆ కొంగు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుతో తల వాలిపోతుంది.

చిన్నాయిన నన్ను తిట్టలేదు. “మా హవల్దార్ అన్నం తలె ముందల కూసుంటే ముద్ద ముట్టడు బిడ్డా. ఇంక తిననిది ఎవరు అని అడుగుతడు. మనింట్ల గట్ల అడిగేటోళ్లు లేరు” అన్నాడు, అంతే.

అవ్వ మిగిలిన గట్కను నా ముందుకు జరిపింది. నాకు బిస్కెట్లే బాగున్నాయని చెప్పాను. నాకు గుర్తున్నంతలో ఇంకొకరి కోసం నేను ఆడిన మొదటి అబద్ధం అదే. మిగిలిన బిస్కెట్లన్నీ చాయలో ముంచుకొని నేనే తిన్నాను. చిన్నాయిన వెళ్లిపోయాక గట్కను రెండు గిన్నెల్లో సమంగా పెట్టించి, అవ్వ కూర్చున్నాకే నేను కూర్చునేదాన్ని. బాపూవాళ్లు వచ్చేసరికి కడియం మళ్లీ మణికట్టు దగ్గరికి రాలేదు గానీ, మోచేతి దాకా జారడం మానింది. కుక్కే పాపం చిక్కిపోయింది.

చిన్నాయిన ఇప్పుడు లేడు. నా మనవడు మిలిటరీలో ఉన్నాడు. మొన్న సెలవులో వాళ్ల తిండి పొట్లాలు తెచ్చాడు. వేడినీళ్లలో వేసి తీసి చింపితే చాలు, ఒకదాంట్లో పులావు, ఒకదాంట్లో హల్వా, పొగలు కక్కుతూ వచ్చాయి. పళ్లూడిన నాలాంటిది కూడా హాయిగా తినొచ్చు. నాకొక పళ్లెంలో వడ్డించి, తిని చూడు అవ్వా అన్నాడు. కోడలు పొయ్యి దగ్గరే నిలబడి, మీరు తినండి నేను తర్వాత తింటానంది.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మొదలుపెట్టింది మా హవల్దారమ్మ అని మనవడు నవ్వాడు. మా ఇంట్లో అందరూ నన్ను అట్లాగే వెక్కిరిస్తారు. వెక్కిరించనీ.

“ఇంక తిననిది ఎవరు?” అన్నాను.

కోడలు తన పళ్లెం తెచ్చుకొని నా పక్కన కూర్చున్నాకే పులావు నోట్లో పెట్టుకున్నాను.