మా నానమ్మ పొయ్యిలో పొగ

మా నానమ్మ హొగ్లాకు తేలంటే భయం లేదు, తోడేలంటే భయం లేదు. విశ్రాంతి దినం పొద్దున మాత్రం ఇప్పటికీ ముందు పొయ్యి వంక, తరవాత కొండ వంక చూస్తుంది. కొండ మీద ఇప్పుడు తిరిగేవి మా మేకలే. "అవి నిన్నే చూస్తున్నాయి నానమ్మా" అంటే నా వీపు మీద ఒకటి వేస్తుంది.

ఒకప్పుడు అక్కడ అంతియోకసు రాజు సిపాయిలు ఉండేవారు. విశ్రాంతి దినం పాటించినవాళ్లను చంపమని ఆయన ఆజ్ఞ. మా ధర్మం ప్రకారం ఆ రోజు మేం నిప్పు ముట్టించకూడదని వాళ్లకు తెలుసు. ఏ ఇంట పొగ లేవలేదో అని పైనుంచి చూసేవారు. కింది వీధి నేతగాడి కుటుంబం అలాగే పోయింది.

అందుకని నానమ్మ ముందురోజు పొద్దుగూకకముందే నిప్పుల మీద ఒలీవ పిప్పి పోసి, పైన కాస్త బూడిద కప్పేది. ఎవరి చెయ్యీ పడకుండా మర్నాడంతా అదే పొగ చిమ్మేది. కానీ ఆవిడకు ఏదీ కొంచెంగా చెయ్యడం రాదు. ఒక చలికాలం, భయం కొద్దీ చేటెడు బూడిద కుమ్మరించింది. తెల్లారేసరికి పొయ్యి చచ్చింది.

నేనప్పుడు అమ్మ కడుపులో ఉన్నాను. కాబట్టి నేనూ సాక్షినే.

"నేను ముట్టిస్తానత్తా. ఆ పాపమేదో నాకే రానీ" అంది అమ్మ.

"కూర్చో. కడుపులోదానిక్కూడా పంచుతావా?"

అంతలో తలుపు తోసుకుని ఒక సిపాయి వచ్చాడు. వానకు తడిసి ఉన్నాడు. చేతిలో కత్తి.

"పొగ లేదేం ముసలమ్మా?"

"ఆరిపోయింది."

"అయితే ముట్టించు. నేను చూస్తాను."

నానమ్మ చేతులు శాలువాలో దాచుకుంది.

"ఏం చూస్తావు నాయనా, నా మోకాళ్లా? వంగితే మళ్లీ లేవలేను. బురదకాళ్లతో నట్టింట్లోకి వచ్చావు, మీ ఇంట్లో ఇలాగే నేర్పారా? చలేస్తే నువ్వే ముట్టించుకో. పిప్పి నీ వెనకే ఉంది."

అతను కదల్లేదు. చివరికి అతను కత్తి చంకలో పెట్టుకుని, చతికిలబడి, చెకుముకి కొట్టాడు. మంట లేచాక చేతులు కాచుకుని వెళ్లిపోయాడు. మా కప్పు మీద పొగ లేచింది.

ఆ మంట దగ్గరికి వాళ్లిద్దరూ వెళ్లలేదు. విశ్రాంతి దినాన రాజుకున్న నిప్పు అది, దాని వెచ్చదనం కూడా మాకు కూడదు. మూలన కూర్చుని వణికారు. అమ్మ పళ్లు టకటకలాడుతుంటే నానమ్మ తన శాలువా తీసి కప్పింది. అప్పుడు గానీ అమ్మ ఆ చేతులు చూడలేదు. చుక్కలు పొడిచి, విశ్రాంతి దినం ముగిసి, మా పొయ్యి మేమే రాజేసుకున్నాక కూడా వాటి వణుకు ఆగలేదట.

ఇప్పటికీ విశ్రాంతి దినం నానమ్మ శాలువాలోంచి చేతులు బయటికి తియ్యదు. అడిగితే చలంటుంది, ఎండాకాలంలో కూడా.