ఆకేరులో కరిగిన మాటు

పికప్పు టాంకీకి నేను మాటు వేయలేదు. వేసినట్టు రాసి సంతకం పెట్టాను. ఈ మాట ముప్పై ఏళ్లు ఇంటి బయట ఎక్కడా చెప్పలేదు. నిరుడు నా పదవీ విరమణ సభలో, చేతి పనిలోనూ మాటలోనూ ఒకేలా నిలబడే మనిషినని ఒకాయన పొగుడుతుంటే, తల వంచుకొని పూలదండ వేయించుకున్నాను. ఆ లెక్క సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

1948లో వానలు మొదలైన రోజులు. నేను జనగామలో రోడ్ల శాఖ వర్క్‌షాపులో రెండో తరగతి ఫిట్టర్‌ని. వయసు ఇరవై నాలుగు. వర్క్‌షాపు అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, బండి కింద దూరి పని చేయడానికి ఒక గుంత, ఒక కొలిమి, వాటిని చూసుకోవడానికి నలుగురం. నా పైన హెడ్ ఫిట్టరు, ఆయన పైన ఓవర్‌సీరు. హెడ్ ఫిట్టరును అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన మలేరియాతో నెల రోజులు సెలవు పెట్టాడు. దాంతో నేను చేసిన పనికి నా సంతకమే సరిపోయింది. ఆ వయసులో అది చేతికి ఇవ్వదగ్గ వస్తువు కాదు.

అవి నిజాం సర్కారు మీద సంఘం పోరాటం సాగుతున్న రోజులు. పోలీసు లారీలు ఊళ్లలోకి రాకుండా సంఘం వాళ్లు రోడ్లకు అడ్డంగా కందకాలు తవ్వేవాళ్లు. వాటిని పూడ్చడం మా శాఖ పని. కూలీలు మాత్రం పక్క ఊళ్ల నుంచే రావాలి. తవ్విన చేతులే పూడుస్తున్నాయని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు. ఒకసారి మా ఓవర్‌సీరు, ఇంత తొందరగా ఎట్లా పూడ్చారయ్యా అని మెచ్చుకుంటే, ఒక కూలీ, "మట్టి యాడ పోసిందో మాకెరికే గద సాబ్" అన్నాడట. ఓవర్‌సీరు ఆ రోజు చెవులు వినబడని మనిషైపోయాడు.

ఆ కూలీలకు పారలు, గడ్డపారలు, తట్టలు చేరవేసేది మా పికప్పు. ముందు సగం కారులా, వెనక సగం తొట్టిలా ఉండే చిన్న బండి. దాని డ్రైవరు యాకయ్య. సంఘం గట్టిగా ఉన్న కొడకండ్ల మనిషి, నాకన్నా పదిహేనేళ్లు పెద్ద, ఆరడుగుల పొడుగు. కాపోడికి ఎద్దు ఎట్లానో ఆయనకు ఆ బండి అట్లా. బయల్దేరేముందు దాని మొహం తుడిచేవాడు. దారిలో వాగు కనబడితే నీళ్లలో ఆపి, గడ్డి చుట్టతో మీదా కిందా రుద్ది కడిగేవాడు. ఇంజనులోకి నీళ్లు పోతాయన్నా అని చెబితే, "మరి బర్రె చెవులల్ల నీళ్లు వోతయని కడుగుడు బంజేస్తరా?" అనేవాడు.

ఒక శనివారం ఆ బండి పెట్రోలు టాంకీ కారుతోందని తెచ్చాడు. టాంకీ బండి చట్రం కింద రెండు ఇనుప పట్టీల మధ్య వేలాడుతుంటుంది. సగం పూడిన కందకంలో పడి లేచినప్పుడు రాయి తగిలి, అడుగు అతుకు దగ్గర గోరంత పగిలింది. దీనికి చేయవలసిన పని ఇది. పెట్రోలంతా వంపాలి. గొట్టం విప్పి, పట్టీలు సడలించి టాంకీని దించాలి. చాకలి సోడా కలిపిన వేడినీళ్లతో మూడుసార్లు కడగాలి. ఎండలో ఆరబెట్టాలి. ఖాళీ టాంకీలో పెట్రోలు ఆవిరి ఏమాత్రం మిగిలినా, కాలిన కడ్డీ తగలగానే పేలుతుంది. అందుకని టాంకీని తిరగేసి, పగులు అంచు దాకా నీళ్లు నింపి, నవసారం రుద్ది, సీసమూ తగరమూ కరిగించి అతకాలి. దీన్నే మాటు వేయడం అంటాం. తొందరపడకుండా చేస్తే ఒకటిన్నర రోజు పని.

నాకు ఉన్నది ఒకటిన్నర గంట. మర్నాడు ఆదివారం డోర్నకల్‌లో నాకు పెళ్లిచూపులు. చర్చిలో ప్రార్థన అయ్యాక పిల్ల వాళ్లింటికి వెళ్లాలి. ఆ శనివారం సాయంత్రం రైలు తప్పితే అందుకోలేను. ఒంటికి పట్టిన పెట్రోలు కంపు వదిలించుకోవాలని గంధం సబ్బు బిళ్ల ఒకటి కొని సంచిలో పెట్టుకున్నాను. ఆ సబ్బే నాకు దారి చూపించింది.

మా పనిలో సబ్బు రహస్యమేమీ కాదు. పెట్రోలు మైనాన్ని, తారును, రబ్బరును కరిగిస్తుంది కానీ సబ్బు జోలికి పోదు. టాంకీ దారిలో కారితే డ్రైవర్లు సబ్బును పిండిలా పిసికి పగులులో కూరి బండిని ఇల్లు చేర్చేవాళ్లు. కానీ ఉస్తాద్ పెట్టిన నియమం ఒకటుంది: సబ్బు ఇల్లు చేరడానికే, బయల్దేరడానికి కాదు. పైగా ఆ సంగతి డ్రైవరుకు చెప్పి తీరాలి. పెట్రోలు కరిగించలేని సబ్బును నీళ్లు కరిగిస్తాయి కాబట్టి.

నేను కొత్త సబ్బు బిళ్లలో ముప్పావు వంతు పిసికి పగులులో కూరాను. గుడ్డ పట్టీ అంటించి, పైన నల్లరంగు పూశాను. పని చీటీ మీద ఉర్దూలో, టాంకీకి మాటు వేయడమైనది అని రాసి సంతకం చేశాను. సోమవారం వచ్చాక అసలు మాటు వేద్దామనే అనుకున్నాను. యాకయ్య వంగి చూశాడు.

"ఏంది తమ్మీ, గింత జల్దీ అయిపాయె? మాటు వడ్డదా?"

"వడ్డదన్నా. ఇగ నీ జిందగీల కారదు."

"నీ చెయ్యి సల్లగుండ. పో, పిల్ల నచ్చుతది నీకు."

డోర్నకల్‌లో మిగిలిన పావు వంతు సబ్బుతో ఎంత తోముకున్నా కంపు పోలేదు. పిల్ల కాఫీ ఇచ్చి రెండడుగులు వెనక్కి జరిగింది. నన్ను ఒక్క ప్రశ్నే అడిగింది: మబ్బు చీకటికి వెలిగించిన దీపం కొంచెం దూరంగా పెట్టమంటారా అని. అయినా సంబంధం కుదిరింది.

నేను సోమవారం జనగామలో దిగేసరికి పికప్పు లేదు. మానుకోట దగ్గర పెద్ద కందకం పడిందని, పారలు వేసుకొని తెల్లారగానే వెళ్లమన్నారట. కొడకండ్ల మీదుగా మరిపెడ, అది దాటితే ఆకేరు వాగు. మోకాటి లోతు నీళ్లున్న వాగును చూసి యాకయ్య బండిని కడగకుండా పోతాడా?

తర్వాత తెలిసింది ఇది. యాకయ్య వాగులో బండిని ఆపి, కిందికి దూరి మరీ రుద్దాడు. గట్టుకు ఎక్కించి, అది ఆరేదాకా సద్ది తిని కాసేపు నడుం వాల్చాడు. ఈలోగా టాంకీలో సగానికి పైగా పెట్రోలు ఇసుకలోకి దిగిపోయింది. లేచి బయల్దేరాక మిగిలింది కూడా రోడ్డు మీద పారింది. మూడు మైళ్లకే బండి ఆగింది. మధ్యాహ్నం పెద్ద వాన కురిసి ఇసుక మీదా రోడ్డు మీదా ఉన్న జాడలు కడిగేసింది. అప్పుడు వచ్చారు పోలీసులు. సంఘం ఊళ్ల మధ్య సర్కారు బండి, పొద్దున నిండిన టాంకీ చుక్క లేకుండా ఖాళీ, పక్కన కొడకండ్ల డ్రైవరు. బండి కిందికి వంగి చూడకుండానే, పెట్రోలు సంఘానికి ఇచ్చావని మానుకోటకు పట్టుకుపోయారు.

బండిని తెమ్మని పెట్రోలు డబ్బాతో నన్నే పంపారు. పగులు శుభ్రంగా, కడిగిన పలకలా ఉంది. నేను చేయవలసిన పని అక్కడ కాపలా ఉన్న పోలీసు జమేదారును పిలిచి ఆ పగులు చూపించడం. చేసిన పని మరిపెడ దుకాణంలో బట్టల సబ్బు కొనుక్కొచ్చి మళ్లీ కూరడం. బండిని వాగులో దించకుండా చుట్టుదారిన జనగామకు తెచ్చి, ఎవరూ చెప్పకుండానే టాంకీ దించి, మూడుసార్లు కడిగి, ఉస్తాద్ కూడా వంక పెట్టలేని మాటు వేశాను. నా ఉద్యోగంలో అంత మంచి మాటు మళ్లీ పడలేదు.

వారం తర్వాత మా వర్క్‌షాపు ఆవరణలోనే విచారణ. ఓవర్‌సీరు కుర్చీలో, పోలీసు అమీను ఇంకో కుర్చీలో, యాకయ్య నేల మీద. ఒక కన్ను వాచి ఉంది. ఏం జరిగిందో చెప్పమన్నారు.

"వాగుల బండిని కడుగుతుంటే గంధం వాసనొచ్చింది సాబ్. నురుగు గుడ వచ్చింది. పెండ్లిపిల్ల తానం జేసినట్టు."

అమీను పడీపడీ నవ్వాడు. "ఏం తాగినవ్‌రా పొద్దుగాల?"

"సల్ల తాగిన సాబ్. సద్దిలకు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఆవరణలో ఆయన మాట అక్షరాలా నిజమని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

ఓవర్‌సీరు టాంకీ కింద వేలితో తడిమి, ఈ మాటు నీదేనా అని నన్ను అడిగాడు. నాదే సాబ్ అన్నాను. ఇది కారుతుందా అన్నాడు. కారదు సాబ్ అన్నాను. రెండు జవాబులూ నిజమే. నిజాలతో ఒక మనిషిని ఎట్లా ముంచవచ్చో అప్పుడే నేర్చుకున్నాను.

నాకు ఇప్పటికీ మింగుడు పడనిది ఆ తర్వాత యాకయ్య అన్న మాట. "తమ్మి అబద్ధమాడడు సాబ్. గా టాంకీ కారదు. మరి పెట్రోలు యాడికి వోయిందో నాకే సమజైతలేదు."

తన తరఫున ఉన్న ఒక్క దారినీ నా మీద నమ్మకంతో తానే మూసేసుకున్నాడు. ఆయన్ను ఇంకో మూడు వారాలు మానుకోట ఠాణాలో ఉంచి వదిలారు. ఉద్యోగం పోయింది. డ్రైవింగ్ లైసెన్సు గుంజుకున్నారు.

ఆయన కొడకండ్లకు వెళ్తే అక్కడ ఇంకో తమాషా. సంఘం వాళ్లు ఆయన్ను ఊరేగించినంత పని చేశారు. "నేనియ్యలేదుర నాయినా" అని మొత్తుకుంటే, "సూడున్రి, గిప్పటికి గుడ పేరు బయటవెట్టడు, ఎంత గట్టోడో!" అన్నారట. అటు సర్కారూ నమ్మలేదు, ఇటు సంఘమూ నమ్మలేదు. ఒకరు కొట్టారు, ఒకరు చప్పట్లు కొట్టారు.

పోలీసు చర్య జరిగింది, సర్కారు మారింది. అప్పుడు చెప్పవచ్చు. కొత్తగా పెళ్లయిందని చెప్పలేదు. తర్వాత హెడ్ ఫిట్టరునయ్యానని, ఆ తర్వాత ఫోర్‌మన్ పదవి దగ్గరపడిందని చెప్పలేదు. భూపాలపల్లి అడవి రోడ్లు వేసిన ఏళ్లలో నా కింద అరవైమంది పని చేశారు. అబద్ధపు చీటీ రాసినవాణ్ని ఒకణ్ని పనిలోంచి తీసేశాను కూడా. ఆ రాత్రి అన్నం తినకపోతే మా ఆవిడ కారణం అడిగింది. అంతా చెప్పాను. ఆమె, "అయితే గా సబ్బు నాకోసమని కొని బండికి రాసినవన్నట్టు" అంది. నేను నవ్వబోతే ఆపింది. "ఆయన బతికున్నడా?" అంది. ఆ ప్రశ్న పదవీ విరమణ దాకా వారానికోసారి అడిగింది.

బతికే ఉన్నాడు. నిరుడు కొడకండ్లకు వెళ్లాను. డెబ్బైకి చేరువైనా మనిషి అంతే పొడుగు. ఎడ్ల బండి తోలి పిల్లలను పెంచాడు. నన్ను గుర్తుపట్టి, మంచం వాల్చి, తమ్మీ అన్నాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. విని, ఇంట్లో ఉన్న భార్యను కేక వేశాడు.

"ఓ లచ్చమ్మా! గంధం వాసన నిజమేనటనే! ముప్పయేండ్ల సంది నన్ను పిచ్చోడంటివి గద, రా, ఇను!"

లచ్చమ్మ వచ్చింది, విన్నది, నవ్వలేదు. నాకు మంచినీళ్లు తేవడానికి వెళ్లినామె మళ్లీ బయటికి రాలేదు. యాకయ్య నవ్వు కూడా మెల్లగా ఆగింది.

"లారీ పోతుంటే ఎడ్ల బండి మీద కూసుండి గుడ నా ఎడమకాలు క్లచ్చి తొక్కేది తమ్మీ. చానేండ్లు తొక్కింది." తర్వాత అన్నాడు: "నాకు చెప్పుడు సులువే. నాకు దొంగన్న పేరు వడ్డది డ్రైవర్లల్ల. జనగామ లారీల అడ్డ కాడ చెప్పు. నేనొస్త."

పని ఎట్లా చేయాలో ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాను. చేయని పనిని చేయలేదని రాయడం కూడా ఆ పనిలో భాగమేనని యాకయ్య దగ్గర నేర్చుకున్నాను. బాగు చేయని బండి ఎక్కడో ఒకచోట ఆగుతుంది, అంతే. బాగు చేశానని చెప్పిన బండిని ఇంకొకడు నమ్మి ఎక్కుతాడు.

ఆ తర్వాతి బుధవారం జనగామ అడ్డ మీద ముప్పైమంది దాకా డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు. సగంమందికి నేను ఒకప్పటి ఫోర్‌మన్‌ని, లేచి నిలబడ్డారు. కూర్చోమన్నాను. నేను నిలబడి, తేదీతో, బండితో సహా జరిగింది జరిగినట్టు చెప్పాను. చివరికి యాకయ్య వైపు తిరిగాను.

"ఈయన పెట్రోలు ఎవ్వరికీ ఇయ్యలేదు. తప్పు నాది. నోరు మూసుకున్నది నేను, నౌకరి పోయింది ఈయనది. యాకయ్యన్నా, మాఫ్ చెయ్యి."