మా తాత ఎక్కకుండానే కదిలిన రైలు

నా చిన్నప్పుడు పాకాలలో మా తాత పచ్చజెండా ఊపితే తప్ప రైలు కదిలేది కాదు. ఆయన గార్డు. బండిని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తేరిపార చూసి, ముసలీ ముతకా అందరూ ఎక్కారని తేల్చుకుని, ఆఖరున తాను కాలు పెట్టేవాడు. ఆ ధీమా మా ఇంటిల్లిపాదికీ అంటుకుంది. ఇంజను కూత వేసినా మేం తీరిగ్గా సోడా తాగుతూ నిలబడేవాళ్ళం. తాత ప్లాట్‌ఫారం మీద ఉండగా బండి మమ్మల్ని వదిలి ఎక్కడికి పోతుంది?

ఏటా వచ్చే రైల్వే పాసు మీద ఒకసారి కలకత్తా పోవాలని ఆయనకు మనసు పుట్టింది. అక్కడ భూమి కింద రైలు కొత్తగా నడుస్తోందని విన్నాడు. "నేల కింద రైలు పోతా ఉండాదంట. గార్డు పని చేసి అది సూడకుండా సస్తే ఎట్లమే?" అని అవ్వతో వాదించి, ఆమెనూ నన్నూ వెంటబెట్టుకుని బయలుదేరాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ దూరాభారానికి అవ్వ కాళ్ళు వాచిపోయి సత్రంలోనే ఉండిపోయింది. మేం బయలుదేరుతుంటే నన్ను దగ్గరికి పిలిచి, "ఈ ఊర్లో పిల్లోళ్ళను ఎత్తుకపోతారంట. ఎవురన్నా సెయ్యి పట్టుకుంటే గట్టిగా కొరుకు" అని బుద్ధులు చెప్పి పంపింది.

మెట్లు దిగుతుంటే ఎండ పైనే ఆగిపోయింది. కింద మెరిసే గచ్చు, గోడల నిండా దీపాలు. పొగ లేదు, కూత లేదు, టీ అమ్మేవాడి కేకా లేదు. అదేం స్టేషనో నాకు నచ్చలేదు. తాత మాత్రం పెళ్ళివారింటికి వచ్చినట్టు మురిసిపోతూ అన్నీ తాకి చూశాడు. ఇంతలో సొరంగంలోంచి గాలి కొట్టింది. వెనకే బండి వచ్చి ఆగింది. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి.

"ముందు నువ్వెక్కు అమ్మణ్ణీ" అని తాత నన్ను లోపలికి ఎక్కించాడు. తాను ఎక్కలేదు. ఇన్నేళ్ళ అలవాటు ఊరుకుంటుందా! వెనక్కి తిరిగి బండి చివరిదాకా ఒకసారి చూశాడు. ఎవరైనా మిగిలారేమోనని ఇటు వైపూ చూశాడు. మిగిలింది తానొక్కడే. తలుపులు మూసుకున్నాయి.

అద్దానికి అవతల తాత అరచేతులతో బాదుతున్నాడు. నోరు కదులుతోంది, మాట వినిపించడం లేదు. బండి కదిలింది. పంచె ఎగగట్టి ఆయన పరుగెత్తాడు. మా తాత పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన కోసం ఆగని రైలునూ చూడలేదు. అంతలోనే అద్దం నిండా చీకటి కమ్ముకుంది.

"తాతా!" అని బిగ్గరగా ఏడ్చాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఏదేదో అడిగారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా తెలుగు వాళ్ళకు అర్థం కాలేదు. తర్వాతి స్టేషన్‌లో తలుపులు తెరుచుకోగానే ఒకామె నా చెయ్యి పట్టుకుని దిగింది. మా అమ్మ వయసు ఉంటుంది, నూలు చీర, భుజాన నల్లటి చేతిసంచి. అంతే, అవ్వ చెప్పింది గుర్తొచ్చి ఆమె మణికట్టును కసిదీరా కొరికాను. ఆమె "ఆఁ" అని చెయ్యి వదిలేసింది. కొడుతుందనుకున్నాను. పారిపోదామంటే ఎటు పారిపోవాలి?

ఆమె కొట్టలేదు, మళ్ళీ నన్ను ముట్టుకోలేదు కూడా. అక్కడున్న బెంచీ చూపించి, నేను కూర్చున్నాక భుజం మీది సంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. దాని పట్టీని నేను పిడికిట్లో బిగించి పట్టుకున్నాను. ఆమె దూరంగా జరిగి, బెంచీకి ఆ చివర కూర్చుంది. పట్టాల వైపు చూపించి, నేల వైపు చూపించి, ఇక్కడికే వస్తాడన్నట్టు తల ఊపింది. నేను చిన్నదాన్నే అయినా ఆ లెక్క తెలిసింది. ఈమె సర్వం నా చేతిలో ఉంది. ఇది వదిలేసి ఎక్కడికీ పోదు, అంత దూరాన కూర్చుని నన్ను ఎత్తుకుపోనూ పోదు. నా ఏడుపు కాస్త తగ్గింది.

ఒక బండి వచ్చింది. తాత దిగలేదు. ఇంకో బండి వచ్చింది, అందులోనూ లేడు.  ఆయన ఈ స్టేషన్ దాటి ముందుకు పోయాడేమో! అసలు పైకెక్కి వీధుల్లో వెతుకుతున్నాడేమో! ఖాకీ బట్టల మనిషి వచ్చి నన్ను పైకి రమ్మని చెయ్యి చాపాడు. నేను సంచిని గుండెకు హత్తుకుని ఆమె వైపు జరిగాను. ఆమె అతనితో గట్టిగా మాట్లాడింది. అతను తల గోక్కుని ఫోన్ చేయడానికి పోయాడు. ఆమె గడియారం వంక మాటిమాటికీ చూసుకుంటోంది. ఆమె కోసం ఎక్కడ ఎవరు ఎదురుచూస్తున్నారో ఏమో. లేచి మాత్రం పోలేదు.

చివరికి ఒక బండి తలుపులు తెరుచుకోకముందే అద్దం వెనక తాత ముఖం కనిపించింది. జనాన్ని తోసుకుంటూ దిగి నన్ను పొదివి పట్టుకున్నాడు. తాను మిగిలిపోయిన స్టేషన్ వాళ్ళకు విషయం చెప్పి అర్థం చేయించేసరికి అంతసేపు పట్టిందట.  "నా తల్లీ, నేనెక్కిందాకా నిలబడతాదనుకున్నానే. ఈ బండికి నేనెవురో యాడ తెలుసు" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆమెకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. ఆమె ఎర్రగా కందిన మణికట్టు చూపించి నన్ను చూసి నవ్వింది. సంచి ఇచ్చేయడానికి నాకు మనసు ఒప్పలేదు. తాతే నా వేళ్ళు ఒక్కొక్కటి విడదీయాల్సి వచ్చింది.

తర్వాత నేను తిరుపతిలో నర్సునయ్యాను, అక్కడే నా జుట్టు నెరిసింది. తల్లిని స్కానింగ్‌కు తీసుకుపోతే వార్డులో గుక్కపట్టి ఏడ్చే పిల్లల్ని ఎందరినో చూశాను. ఊరుకో, మీ అమ్మ వచ్చేస్తుంది అని అందరూ అంటారు. ఏ పిల్ల ఊరుకుంటుంది? నేను నా ఇంటి బీగం చెవులు తీసి ఆ చేతుల్లో పెట్టేదాన్ని. "ఇవి లేకుంటే నేను ఇంటికి పోలేనబ్బా, పోగొట్టొద్దు" అనేదాన్ని. ఆ చిన్న వేళ్ళు వాటి చుట్టూ బిగుసుకునేవి, ఏడుపు మెల్లగా తగ్గేది. నన్ను నమ్మమని మాత్రం ఏ పిల్లనూ ఇంతవరకు అడగలేదు.