లాలి మందులు

మొన్న తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చుంటే, పక్క బెంచీ మీద నర్సింగు చదివే అమ్మాయి ఒకతె కళ్ళు మూసుకుని మందుల పేర్లు వల్లిస్తోంది. తప్పు పోయినప్పుడల్లా తన తొడ మీద తానే ఒకటి వేసుకుంటోంది. పాతికేళ్ళు బాపట్లలో ఫార్మసీ పాఠాలు చెప్పినదాన్ని, అలవాటు కొద్దీ సాయం చేద్దామని నోరు తెరిచాను. అంతలోనే మా వదిన గుర్తొచ్చింది.

అన్నయ్య పోయాక వదిన రేపల్లెలోనే నాన్నను చూసుకుంటూ ఉండిపోయింది. మందుల షాపులో ఉద్యోగం చేసుకుంటానని, ఎప్పుడో చదివిన ఇంటరు సైన్సును నమ్ముకుని ముప్పై ఆరేళ్ళ వయసులో డి.ఫార్మసీలో చేరింది. చదివింది తెలుగు మీడియం. ఆ పేర్లేమో నోరు తిరగనివి. ఆదివారాలు నేను వెళ్ళి వంటింట్లోనే పాఠం చెప్పేదాన్ని. పేరు తోక పట్టుకుంటే మందు జాతి తెలిసిపోతుందన్నాను. అంతే, అల్లుకుపోయింది. చివర ‘ప్రజోల్’ ఉన్నవి కడుపులో మంటకు, పరగడుపున వేసుకోవాలి. “ప్రజలు వదినా! టిఫిన్ కాకముందే వచ్చి కూర్చునే మీ బాబాయిగారిలాగా” అని పకపకా నవ్వింది. ‘డిపిన్’లు బీపీ తగ్గిస్తాయి గానీ కాళ్ళు దిబ్బల్లా వాచేలా చేస్తాయి. ఇక ‘లోల్’ అంటే లాలి. గుండెకు జోలపాడి దాని పరుగు తగ్గిస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకు మాత్రం పాడకూడదు, ఊపిరీ అణిగిపోతుంది. వసారాలోంచి నాన్న, తన ఉబ్బసపు పిల్లికూతల మధ్యనే, “ఏ దేశం భాషమ్మా అది?” అనేవారు.

నోటితో అడిగితే ఒక్కటీ తప్పేది కాదు. పరీక్ష హాల్లో ఇంగ్లీషు స్పెల్లింగుల దగ్గర చెయ్యి ఆగిపోయేది. రెండుసార్లు తప్పింది. రెండోసారి నేను విసుక్కున్నాను కూడా.

ఆ మరుసటి నెలలో, నాన్న చేతులు వణుకుతున్నాయని కొత్తగా వచ్చిన డాక్టరు మాత్రలు రాశారు. ఆయాసం సంగతి నాన్న ఆయనకు చెప్పలేదు. వదిన నాకు ఫోను చేసింది. నేను పేపర్లు దిద్దుతున్నాను.

“ప్రొప్రనలోల్ అంట వదినా. లాలి కదూ ఇది? మావయ్యగారికి పడదేమో...”

పేరు చెవిన పడింది, తలకెక్కలేదు. మార్కులు కూడుకుంటున్నాను.

“డాక్టరు రాసింది మనమా దిద్దేది? వెయ్యి వదినా. సగం చదువుతో లేనిపోని భయాలు పెట్టుకోకు.”

“సరే వదినా” అంది. వేసింది. మధ్యాహ్నానికి నాన్నకు ఊపిరి అందలేదు. తెనాలి ఆసుపత్రికి తీసుకొస్తుంటే దారిలో, కారులోనే పోయారు.

మంచం పక్కనున్న మాత్రల అట్ట మీది పేరు నేను చదివింది ఆ సాయంత్రం. వచ్చినవాళ్ళందరికీ వదిన “ఆయుష్షు తీరిందండి” అనే చెప్పింది. పదకొండో రోజున ధైర్యం చేసి, “ఆ రోజు ఫోనులో నేను...” అన్నాను.

“వద్దు వదినా. నేనింకా గట్టిగా అనాల్సింది. నాకు తెలుసుగా.”

నన్ను నాలుగు మాటలు తిట్టి ఉంటే ఎలాగో మోసేదాన్ని. ఆవిడ ఆ తప్పు కూడా తన మీదే వేసుకుంది. పరీక్షకు మళ్ళీ కట్టలేదు. పుస్తకాలు ఎవరికిచ్చిందో తెలియదు. చీరాలలో చెల్లెలి పంచన చేరి ఒక బట్టల కొట్లో చీరలు మడతపెడుతోంది. ఫోను చేస్తే ఎండల గురించి, ఉప్పెక్కిన నీళ్ళ గురించి మాట్లాడుతుంది. నేను మాత్రం రిటైరయ్యేదాకా ఏటా ఆ ‘లోల్’ పాఠం చెప్పాను. మేడం అది బాగా చెబుతారని పిల్లలు అనుకునేవారు.

కాలం గడిస్తే తగ్గుతుందన్నారు అందరూ. అది గడుస్తోంది, అంతే.