గంపలో పైకొచ్చే కాయలు

2007 ఎండాకాలం. కడప నుంచి తాడిపత్రి వెళ్ళే బస్సులో, సెలవు మీద వచ్చిన జవాను ఒకడు నా పక్కన కూర్చున్నాడు. నా ఒడిలో పచ్చి వేరుశెనక్కాయల గంప ఉంది. గంపను కుదిపితే చిన్న కాయలు అడుగుకు జారి, పెద్దవి పైకి వస్తాయి. అతనికి నాలుగు మంచివి ఏరి ఇద్దామని కుదపబోయాను. అతను గంప అంచును గట్టిగా పట్టుకున్నాడు.

"ఊపొద్దవ్వా."

"ఏమప్పా, నీ కోసమే కదా?"

"కొండ మీది మంచు విరిగి పడినప్పుడూ ఇంతే అవ్వా. పెద్దది పైకి తేల్తాది, చిన్నది అడుక్కు పోతాది. అందుకే మంచు మీద జారే దొరలు వీపుకు ఒక సంచి కట్టుకుంటారు. తాడు లాగితే అది బెలూను మాదిరి ఉబ్బుతాది. అంత లావైనాక మనిషి పైకొస్తాడు."

"శానా బాగుండాదే! ప్రాణం కాపాడే సంచి."

"మంచు కొండల్లో కాపలా కాసేటప్పుడు మా ఇద్దరికీ ఒకటే దొరికింది. నీకు బిడ్డ ఉండాది, నువ్వేసుకో అన్యాడు నా స్నేహితుడు. నేను పైకొచ్చినా." అతను వేలిని కాయల్లోకి గుచ్చి గంప అడుగుదాకా దించాడు. "కమలాపురంలో వాళ్ళమ్మ దగ్గరికే పోతాండా. సంచి సంగతి ఆమెకు తెలీదు."



కమలాపురంలో అతను దిగాడు. నా వయసు ఆవిడ ఒకతె ఎదురొచ్చింది. ఆ తల్లే కాబోలు. "ఎంత దూరం మోసుకొచ్చినావో, ఆ సంచి నాకియ్యి నాయనా" అంటూ అతని వీపు మీది సామాన్ల సంచి అందుకోబోయింది. అతను దాని పట్టీలను రెండు చేతులా పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

బస్సు కదిలింది. దిగేదాకా గంప కుదుపుకు ఊగకుండా కడుపుకు అదుముకుని కూర్చున్నాను.